నిలబడే వేషం

అమరనాథ్ సాధించిందంతా రాయమంటే ఒక గీత చాలు. అది కూడా అడ్డగీత. ఈ మాట అన్నది పగోళ్ళు కాదు, అమరనాథే. విశ్వవిద్యాలయం రంగస్థల విభాగంలో పీజీ రెండో ఏడు చదివే పదకొండు మందిలో వయసులో ఇతనే మొదటోడు, మిగతా అన్నిట్లో కడపటోడు. ముప్పై ఒకటి నిండినాయి. నెత్తి మీద వెంట్రుకలకు కూడా వీడికి మంచి వేషం దొరకదని తెలిసిపోయిందేమో, ఒక్కొక్కటే వేరే దారి చూసుకుంటా ఉండాయి.

అంతకు ముందు ఆరేండ్లు కుందలహళ్ళి పక్కన ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసినాడు. ఇంకొకరు రాసినదాంట్లో తప్పు యాడ ఉండాదో పట్టి చెప్పేది ఆ పని. ఊరందరి తప్పులూ పట్టినోడు, రాజీనామా రాసేటప్పుడు తన తప్పు ఒక్కటి పట్టుకోలేకపోయినాడు. నాలో ఒక నటుడు ఉండాడని మేనేజరుతో చెప్పి బయటికి వచ్చేసినాడు. మేనేజరు మంచోడు, ఉంటాడులే అన్నాడు. ఆ నటుణ్ణి రెండేండ్లుగా వెతుకుతానే ఉండాడు, ఇంకా దొరకలేదు.

మొదటి ఏడు గుర్రం వెనక కాళ్ళుగా చేసినాడు. ముందు కాళ్ళుగా చేసిన పిల్లోడికి ఆ తర్వాత టీవీ సీరియల్లో వేషం వచ్చింది, వెనక కాళ్ళను ఎవురూ పిలవలేదు. రెండో నాటకంలో శవం. అది బాగానే చేస్తా ఉండె గానీ మూడో రంగంలో తుమ్మినాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టినారు. రెండేండ్లలో అతనికి పడిన చప్పట్లు అవే.

ఇట్లాంటోడి చేతికి హెచ్‌ఓడీ మేడమ్ ఒక పని అప్పజెప్పింది. వేసవి లోపల తనిఖీ కమిటీ వస్తాది. పీజీ విద్యార్థులు ఈ మధ్య ఏమేమి సాధించినారో ఒక పట్టిక కట్టి విభాగం వెబ్‌సైటులో పెట్టాల, నోటీసు బోర్డు మీద అంటించాల. కంప్యూటరు తెలిసినోడు గదా అని అమరనాథ్‌ని పిలిచింది. పట్టికలో మూడు గడులు. పేరు, సాధన, స్థాయి. స్థాయి అంటే రాష్ట్రమా, జాతీయమా, అంతర్జాతీయమా అని. ఒక్క పేరు ఎదురుగా కూడా ఖాళీ ఉండకూడదని మేడమ్ గట్టిగా చెప్పింది. చెప్పేటప్పుడు అమరనాథ్ ముఖం చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది, అది ఆమె మంచితనం.

అందరిదీ టైపు చేసినాడు. శ్రుతికి లైటింగులో జాతీయ ఫెలోషిప్. లలిత్ తోలుబొమ్మలాట మీద రాసిన పత్రం భోపాల్ సెమినారుకు పోయింది. యశ్వంత్ బడిపిల్లలతో ఆడించిన నాటకానికి జిల్లాల పోటీలో మొదటి బహుమతి. సంధ్య రాసిన ఏకాంకిక కేరళ నాటకోత్సవానికి ఎంపికైంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా టైపు చేసి, అడుగున తన పేరు కొట్టి, ఎదురుగా ఖాళీ గడిని చూస్తా మూడు దినాలు కూర్చున్నాడు. గుర్రం కాళ్ళు ఏ స్థాయి కిందకు వస్తాయో అతనికి తెలియలేదు.

అప్పటికి సంధ్య తన పరీక్ష కోసం ఆడించే నాటకంలో అతనికి వేషం ఒకటి దొరికి ఉండాది. సంధ్య వాళ్ళ అమ్మానాయనా కర్నూలు పక్కనుంచి కట్టడం పనికి వచ్చి ఈడే నిలిచిపోయినోళ్ళు. ఆ పిల్లకు ఇరవైమూడేండ్లు, చురుకంటే చురుకు. ఈ నాటకానికి వచ్చే మార్కుల మీదే ఆమె పై చదువు స్కాలర్‌షిప్ ఆధారపడి ఉండాది. నాటకం డెబ్భై నిమిషాలు, ఎవురికీ ఒక్క మాట లేదు. ఒక బస్టాపు. ఒక మనిషి బస్సు కోసం నిలబడి ఉంటాడు. పూలమ్మి వస్తాది, బటానీలమ్మేవాడు వస్తాడు, కొట్లాడుకునే మొగుడూ పెండ్లాలు వస్తారు, పోతారు. ఆ మనిషి మాత్రం కదలడు. ఆఖర్న బస్సు శబ్దం వినిపిస్తాది. అప్పుడు ఒక్క అడుగు ముందుకు వేస్తాడు, దీపాలు ఆరిపోతాయి. ఆ ఒక్క అడుగు కోసమే నాటకమంతా.

ఆ వేషానికి సంధ్య అమరనాథ్‌ని ఎందుకు పట్టుకుందో మొదటిరోజే చెప్పింది. అన్నా, మీ ముఖంలో ఏమీ కనపడదు, నాకు అదే కావాల అనింది. దాన్ని పొగడ్త అనుకొని అతను మూడు రోజులు సంబరంగా తిరిగినాడు. నాలుగో రోజు హాస్టల్లో గడ్డం గీసుకుంటా అద్దంలో చూసుకున్నప్పుడు అర్థమైంది.

కానీ అప్పా, కదలకుండా నిలబడేది తమాషా పని కాదు. మొదటి పది నిమిషాలు ముక్కు దురద. ఇరవైకి మోకాలు. ముప్పైకి, ఇంటికి ఫోన్ చేసి మూడు రోజులైందే అని గుర్తుకు వస్తాది. చిక్కపేట మెట్రో స్టేషన్ బయట కరెంటు స్తంభం చదువూ సంధ్యా లేకుండా ఇరవై నాలుగ్గంటలూ ఈ పని చేస్తా ఉండాది, దానికి లేని కష్టం పీజీ చేసేటోడికి వచ్చిందే అని తనను తానే తిట్టుకున్నాడు. అయినా రెండు నెలలు రోజూ నిలబడినాడు. నిలబడంగా నిలబడంగా ఒకరోజు డెబ్భై నిమిషాలు పూర్తయినాయి, అతనికి తెలియనే లేదు. సంధ్య వచ్చి భుజం తట్టింది. ఆ దినం అమరనాథ్ క్యాంటీన్లో రెండు మసాలా దోసెలు తిన్నాడు.

ఆ దోసెల మదంలోనే తప్పు చేసినాడు. ఖాళీ గడి ముందు కూర్చొని ఇట్ల టైపు చేసినాడు: 'పరీక్ష నాటకంలో ప్రధాన పాత్ర. మొదటి నుంచి ఆఖరి దాకా రంగం మీదే.' అందులో అబద్ధం ఏముండాదప్పా, ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ పాత్రకు నోరు లేదన్న సంగతి మాత్రం గడిలో పట్టలేదు. స్థాయి దగ్గర రాష్ట్రం అని పెట్టినాడు. బస్టాపు రాష్ట్రంలోనే గదా ఉండేది అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

వెబ్‌సైటులో పెట్టింది లోకమంతా చూస్తాదని సాఫ్ట్‌వేర్ వాడికి తట్టకపోవడం చూడండి. రెండో దినమే చిన్నాయన కూతురు శిరీష ఆ పట్టికను ఫోటో తీసి ఇంటోళ్ళ వాట్సాప్ గుంపులో పడేసింది. అన్న హీరో అయినాడు అని కింద రాసింది. పొద్దు కుంకే లోపల నలభై దండాల బొమ్మలు వచ్చినాయి.

ఈడ అమరనాథ్ ఇంటి సంగతి రొంత చెప్పాల. వాళ్ళది దొడ్డబళ్ళాపురం. తాతల కాలంలో వచ్చి మగ్గం పాతుకున్న తెలుగోళ్ళు. నాయన నాగరాజుకు ఆరు పవర్‌లూమ్ మగ్గాల షెడ్డు, పట్టుచీరలు నేసి వారానికోసారి చిక్కపేట అంగడికి తెచ్చి వేస్తాడు. అమ్మ జయమ్మ దారం కండెలు చుడతాది. పుట్టినప్పటినుంచి మగ్గాల చప్పుడు నడుమ బతికినోళ్ళు, వాళ్ళకు మెల్లగా మాట్లాడేది చేతకాదు. వాళ్ళ రహస్యం మూడిండ్ల అవతలికి వినపడతాది.

ఆ నేతగాళ్ళ వీధిలో ఏడాదికోసారి పౌరాణిక నాటకం ఆడతారు. ఆడేదంతా మగ్గాల మీద బతికేవాళ్ళే. వేషానికి చందా ఉంటాది. కిరీటం ఎంత పెద్దదైతే చందా అంత పెద్దది. పద్యం బాగా పాడితే ఆ వేషగాని ఇంటోళ్ళు నాటకం నడుమనే స్టేజీ ఎక్కి, మాల వేసి, శాలువా కప్పి, ఫోటో తీసుకొని దిగుతారు. రాజు యుద్ధంలో ఉన్నా సరే, ఆగి, మాల వేయించుకొని, పెద్దోళ్ళ కాళ్ళకు మొక్కి, మళ్ళ కత్తి పట్టుకుంటాడు. దాన్ని ఎవురూ తప్పు అనుకోరు. మాల పడకపోతేనే తప్పు. ఆ మాలతో ఇంకొక ఉపకారం కూడా ఉండాది. వేషగాడు పద్యం మర్చిపోయి నోరెండి నిలబడితే, అప్పుడూ ఇంటోళ్ళు మాల తీసుకొని ఎక్కుతారు. మాల వేసి శాలువా సర్దే లోపల హార్మోనియం మేష్ట్రు పక్కకు వచ్చి పద్యం మొదలు చెవిలో ఊదిపోతాడు. పరువు దక్కుతాది.

నాగరాజు ఆ నాటకాల్లో పదహైదేండ్లు వేషం కట్టినాడు. ఈటె పట్టుకొని సింహాసనం పక్కన నిలబడే ద్వారపాలకుడు. కిరీటం వేషం చందా ఆయనకు ఏ ఏడూ అందలేదు. అమరనాథ్ చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చొని, నాయన ఇప్పుడు మాట్లాడతాడు, ఇప్పుడు మాట్లాడతాడు అని కాచుకొని కాచుకొని రెండో రంగానికే నిద్రపోయేవాడు. బడిలో పిల్లోళ్ళు మీ నాయన మూగోడా అని అడిగినారు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, తాను వేషం కడితే మాట్లాడే వేషమే కడతానని. మనం పెట్టుకునే ఒట్లన్నీ వినేవాడు ఒకడు పైన ఉండాడు, వానికి ఎగతాళి జాస్తి.

ఉద్యోగం వదిలినప్పుడు నాగరాజు తిట్టలేదు. రెండేండ్లు చూడు, నటుడివైతే మాకూ తెలుస్తాది, కాకపోతే కుందలహళ్ళి యాడికీ పోదు అన్నాడు. రెండేండ్లలో ఎన్నిసార్లు నాటకానికి వస్తామన్నా కొడుకు ఏదో ఒక సాకు చెప్పి నిలిపేసినాడు. గుర్రం వెనక కాళ్ళను చూడ్డానికి తల్లిదండ్రుల్ని బస్సెక్కించి ఎట్ల పిలిచేది? ఫోన్లో మాత్రం పెద్ద వేషాలే కట్టినాడు. లోపల అతనికి కావలసింది ఒక్కటే. నాయన కండ్ల ముందర ఒక్కసారి నటుడు అనిపించుకోవాల. దాని కోసమే ఇన్ని బొంకులు, ఆ బొంకుల వల్లనే నాయన కండ్లకు కనపడే గతి లేకుండా పోయింది.

నాగరాజు ఫోన్ చేసి, నాటకం శనివారం నాలుగ్గంటలకంట గదా, మినీబస్సు మాట్లాడినా, ఇరవైరెండు మంది వస్తాండాం అన్నాడు. అమరనాథ్ ఇంకొక సాకు వెతికినాడు. సీట్లు లేవు నాయనా అన్నాడు. నిలబడి చూస్తాంలే అన్నాడు నాయన.

శనివారం నాలుగ్గంటలకు ఆ ఇరవైరెండు మందీ ముందు రెండు వరసలూ నింపేసినారు. మైసూరు నుంచి వచ్చిన బయటి పరీక్షకుడు, నెరిసిన గడ్డం పెద్దాయన, మూడో వరసకు జరిగి జయమ్మ కొప్పులోని కనకాంబరాల వెనక ఇరుక్కున్నాడు. బస్టాపు రేకు కింద అమరనాథ్ చేతిసంచి పట్టుకొని నిలబడి ఉండాడు. దీపాలు వెలిగినాయి. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకొని సరిగ్గా ఎదురుగా నాయన. ఒడిలో చిక్కపేట అంగడి సంచి. సంచి నోట్లోంచి సుగంధరాజ పూల మాల ఇంత బయటికి కనపడతా ఉండాది.

పది నిమిషాలు ఇంటోళ్ళు మర్యాదగా కూర్చున్నారు. పూలమ్మి వచ్చి పోయింది. ఇంకా మొదలుపెట్టలేదులే అనుకున్నారు. ఇరవై నిమిషాలకు మెల్లగా గుసగుసలు మొదలైనాయి. మెల్లగా అంటే మగ్గాల షెడ్డు లెక్కన మెల్లగా. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంలో, హీరో ఎప్పుడు మాట్లాడతాడని చిన్నాయన అడిగినాడు. వాళ్ళు కొట్లాడుకునేది అయినంక వీడు తీర్పు చెప్తాడని అత్త జవాబు చెప్పింది. కొట్లాట అయిపోయింది. తీర్పు రాలేదు.

ముప్పై అయిదో నిమిషంలో అత్త గొంతు హాలంతా వినపడింది. "మాట మర్చిపోయినట్టుండాడు వదినా. ఎంతసేపని నిలబడతాడు పాపం."

సంచి గరగరలాడిన శబ్దం వినపడింది. అమరనాథ్ కండ్లు తిప్పకూడదు, తిప్పలేదు. కానీ ఎదురుగా ఉండే తెల్ల పంచె లేచి నిలబడింది. చచ్చినాను రా దేవుడా అనుకున్నాడు, ముఖంలో ఏమీ కనపడనీయకుండా.

మెట్ల దగ్గర అటెండరు శ్రీనివాసప్ప ఉండాడు. తెర దించేది, ఎత్తేది, అడ్డమొచ్చినోళ్ళను ఆపేది ఆయన పని. నాగరాజు చెప్పులు విడిచి, మెట్టుకు చెయ్యి తాకించి కండ్లకు అద్దుకున్నాడు. దాన్ని చూసి శ్రీనివాసప్ప, ఈయన వేషగాడే కాబోలనుకొని దారి ఇచ్చేసినాడు. ఈ విభాగంలో ఏది నాటకమో ఏది కాదో ముప్పై ఏండ్లుగా ఆయనకు తెలిసింది లేదు. సంధ్య వింగులో, పక్కతెర వెనక ఉండి రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని అట్లే కూర్చుండిపోయింది.

నాయన వచ్చినాడు. మాల వేసినాడు. శాలువా కప్పి, అంచులు రెండూ సమంగా ఉండాయా అని చూసి సర్దినాడు. చీరలు నేసే చెయ్యి, అంచు వంకరగా ఉంటే ఒప్పుకోదు. ఇప్పుడు అమరనాథ్ వంగి కాళ్ళకు మొక్కాల. నేతగాళ్ళ వీధిలో పసిపిల్లోడికి కూడా తెలిసిన సంగతి అది. ముందు రెండు వరసల్లో ఇరవై ఒక్క జతల కండ్లు ఆ వంగడం కోసం కాచుకొని ఉండాయి. వంగితే నాటకం అంతటితో అయిపోతాది, సంధ్య స్కాలర్‌షిప్ పోతాది, రెండు నెలల నిలుపు పోతాది. వంగకపోతే, మాల వేసిన తండ్రికి నమస్కారమన్నా పెట్టని కొడుకని ఊరంతా చెప్పుకుంటాది. ఏండ్లకొద్దీ ఆశపడిన ఘడియ ఇదే గదా. నాయన కండ్ల ముందర స్టేజీ మీద ఉండాడు. ఇంత దగ్గరగా ఉండాడు, నాయన చొక్కాకు కొట్టిన గంజి వాసన తెలుస్తా ఉండాది.

అమరనాథ్ కదలలేదు.

ఎందుకు కదలలేదని తర్వాత శానాసార్లు ఆలోచించినాడు. కళ మీద భక్తి అని చెప్పుకుంటే బాగుంటాది గానీ, అది కాదు. ఈ లోకంలో అతనికి సరిగ్గా వచ్చిన పని అదొక్కటే. నాయన ముందర చెడగొట్టడానికి చేతులు రాలేదు, అంతే. కండ్లల్లో నీళ్ళు వచ్చినాయి. తుడుచుకోకూడదు. కారనిచ్చినాడు.

నాగరాజు కొడుకు ముఖంలోకి ఒకసారి చూసినాడు. దిగిపోలేదు. కొడుకుకు ఒక అడుగు వెనక, కుడిపక్కన పోయి నిలబడినాడు. మడమలు రెండూ చేర్చి, గడ్డం రొంత ఎత్తి, కుడిచెయ్యి ఏదో పట్టుకున్నట్టు పిడికిలి బిగించి నిలబడినాడు. ఆపైన కదలలేదు.

బటానీల బండి తోసుకొని వచ్చిన యశ్వంత్ ఒక్కసారి బిత్తరపోయి, ఆనక తేరుకొని ఇద్దరి చుట్టూ తిరిగి పోయినాడు. పూలమ్మి రెండోసారి వచ్చి ముసలాయన ముందర బుట్ట దించింది, ఆయన చూడలేదు. ముందు వరసల్లో గుసగుసలు ఆగిపోయినాయి. వాళ్ళకు ఈ నిలుపు తెలుసు. ముప్పై అయిదు నిమిషాలు తండ్రీ కొడుకులు ఇద్దరూ అట్లే నిలబడినారు. బస్సు శబ్దం వచ్చింది. అమరనాథ్ మాలతో, శాలువాతో ఒక్క అడుగు ముందుకు వేసినాడు. నాయన వేయలేదు. దీపాలు ఆరినాయి.

ఆ తర్వాత జరిగింది అమరనాథ్ నోటితోనే వినాల, తనను తాను అంత బాగా ఎవురూ తిట్టుకోలేరు. మైసూరు పెద్దాయన లేచి సంధ్య చేతులు పట్టుకొని, ఆ రెండో మనిషి రాక నాటకానికి ప్రాణం పోసిందమ్మా అన్నాడు. ఆ ముసలాయనను యాడ పట్టినావు, ఏ నాటక కంపెనీ నటుడు అని అడిగినాడు. ఆనక అమరనాథ్ వైపు తిరిగి, నువ్వు కండ్లు జాస్తి ఆర్పుతావు, ఆయన దగ్గర నేర్చుకో అన్నాడు. సంధ్యకు అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినాయి. అమరనాథ్‌కు పాస్ మార్కులు వచ్చినాయి. రెండేండ్లు ఫీజు కట్టి చదివినోడి కన్నా చెప్పులు విడిచి స్టేజీ ఎక్కినోడు గొప్ప నటుడని నిపుణులు తేల్చినారు.

బయట మినీబస్సు చుట్టూ ఇంటోళ్ళు పులిహోర పొట్లాలు విప్పుకున్నారు. వాడు మర్చిపోయినాడు, నాగరాజు పోయి పక్కన నిలబడినాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే పరువు పోయేదే అని అందరూ ఒకటే మాట. అత్త అమరనాథ్ చేతిలో పొట్లం పెట్టి, పొద్దున్నే నానబెట్టిన బాదం తింటే జ్ఞాపకం నిలుస్తాదప్పా అని చెప్పింది. ఇంక దొడ్డబళ్ళాపురంలో అతని పేరు జీవితకాలం మాట మర్చిపోయిన అమరనాథ్. అతను తల ఊపినాడు. బాదం తింటానన్నాడు.

నాయన బస్సుకు అవతలి పక్క కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటా ఉండాడు. అమరనాథ్ ఆడికి పోయినాడు. మెడలో మాల ఇంకా అట్లే ఉండాది. ముందు వంగి కాళ్ళకు మొక్కినాడు. తడికాళ్ళు రా అన్నాడు నాయన, అయినా జరగలేదు.

"నాయనా, నేను మర్చిపోలేదు. ఆ వేషానికి మాటే లేదు. నేను ఇంతవరకూ మాట ఉండే వేషం ఒకటీ కట్టలేదు. నీకు అన్నీ అబద్ధాలు చెప్పినా."

నాగరాజు పంచె అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "మాట లేదని నాకు తెలుసు రా. దీపాలు వెలిగినప్పుడు నువ్వు కాళ్ళు పెట్టిన తీరు చూస్తానే తెలిసింది."

"తెలిసి మళ్ళ మాల తీసుకొని పైకి ఎందుకు వచ్చినావు? వాళ్ళంతా నేను మర్చిపోయినానని..."

నాయన కొళాయి కట్టినాడు. అది ఇంకా కారతా ఉంటే మళ్ళ బిగించినాడు.

"పదహైదేండ్లు నిలబడినా రా నేను. నిలబడే వేషానికి ఎవురూ మాల తేరు."

మాటలేని వేషాల్లో ఇంత అనుభవం ఉన్నోడికి కూడా ఆ మాట ముందర నిలుపు పట్టుబడలేదు, వెక్కిళ్ళు వచ్చినాయి. పదహైదేండ్లు. రెండో రంగానికే నిద్రపోయిన పిల్లోడు గుర్తుకు వచ్చినాడు. మెడలో మాల తీసి నాయన మెడలో వేయబోయినాడు. నాగరాజు చెయ్యి అడ్డం పెట్టినాడు. ఒకరికి పడిన మాల ఇంకొకరికి వేయకూడదు, ఆచారం కాదు అన్నాడు. ఆనక కొడుకు మోకాలి వైపు చూసి, కుడికాలి మీద బరువు వేస్తాండావు, రెండింటి మీదా సమంగా వేయాల, లేకుంటే నలభై దాటినంక మోకాలు పోతాది అని చెప్పినాడు. అవతల నుంచి జయమ్మ, బస్సు పోవాల రాండప్పా అని కేకేసింది. మూడు భవనాల అవతలికి వినపడింది.

సోమవారం పొద్దున్నే అమరనాథ్ కంప్యూటరు తెరిచి పట్టికలో తన వరస తుడిచేసినాడు. ప్రధాన పాత్ర పోయింది, రాష్ట్రం పోయింది. మళ్ళ రాసినాడు: 'నిలబడే వేషం. మాల పడింది.' స్థాయి గడి ఖాళీగా వదిలేసినాడు.

తనిఖీకి ముందురోజు మేడమ్ పట్టిక అంతా చదువుకుంటా వచ్చి ఆ వరస దగ్గర ఆగింది. కండ్లద్దాలు పైకి తోసుకొని అతన్ని పిలిపించింది.

"మాల పడిందంటే ఏమయ్యా? అవార్డా? స్థాయి రాయలేదు. ఏమని పెట్టాల, రాష్ట్రమా, జాతీయమా?"

అమరనాథ్ రెండు కాళ్ళ మీదా బరువు సమంగా వేసి నిలబడినాడు.

"మా ఇంటి స్థాయి మేడమ్. ఇంతకుముందు మా ఇంట్లో ఎవురికీ రాలేదు."